కొలిచేవాళ్ళకు కొలువులేవి?

(రైతు సంఘం జిల్లా శిక్షణ తరగతుల్లో, రైతులూ విద్యార్థులూ కలిసి కూర్చున్న సభలో, జిల్లా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా మన తరగతుల్లో గిట్టుబాటు ధర గురించి, పంటల బీమా గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పర్యావరణ శాస్త్రం చదివిన పిల్లల శిక్షణ, ఉద్యోగాల కోసం ఒక పూట కేటాయించాం. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక పెద్దాయన అడిగాడు: "ఆ పిల్లలకు ఉద్యోగాలొస్తే వాళ్ళ ఇంట్లోవాళ్ళకు సంతోషం. రైతు సంఘానికి ఇందులో ఏం పని?" అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబుగా ఒక సీసా నీళ్ళ సంగతి చెబుతాం.

చెల్లని సీసా

రెండేళ్ళ కింద ఒక ఊరి రైతులు మన సంఘం ఆఫీసుకు వచ్చారు. వాళ్ళ ఊరి వాగు పక్కనే ఒక ఫ్యాక్టరీ ఉంది. వాగు నీళ్ళు పెట్టిన వరి మడుల్లో ఆకు కొసల నుంచి ఎండుతోంది. బోరు నీళ్ళు బకెట్లో పట్టి తెల్లారేదాకా ఉంచితే అడుగున పసుపు మడ్డి పేరుకుంటోంది. ఆ నీళ్ళు కూల్‌డ్రింకు సీసాలో పట్టుకుని, వాళ్ళతో పాటు మేమూ సంబంధిత కార్యాలయానికి వెళ్ళాం. అక్కడి ఉద్యోగి సీసాను చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఇది చెల్లదండీ. నమూనా మా మనిషే తియ్యాలి. ఆయనకు మూడు జిల్లాల పని. వచ్చినప్పుడు పంపిస్తాం" అన్నాడు.

మూడు వారాలకు ఆ మనిషి వచ్చాడు. ఈలోపు రెండు పెద్ద వానలు పడి వాగు కడిగినట్టయింది. రిపోర్టులో అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని వచ్చింది. వరి పోయింది, పరిహారం రాలేదు. ఆ మనిషిది తప్పని మేము అనడం లేదు. మూడు జిల్లాలకు ఒక్కడే అయితే అతను మాత్రం ఏం చేస్తాడు?

ఆ ఊళ్ళోనే మాకు ఇంకో సంగతి తెలిసింది. పంట పోయిన రైతుల్లో ఒకాయన కూతురు పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది, ఫస్టు క్లాసులో పాసైంది. రెండేళ్ళు ఉద్యోగం కోసం తిరిగి, చివరికి హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లుల కౌంటరులో చేరింది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఆమెను కలిశాం. పది నిమిషాల్లో మా తప్పులన్నీ చెప్పింది. వాడేసిన సీసా పనికిరాదు. లోహాలు చూడాలంటే నమూనాలో అక్కడికక్కడే నైట్రిక్ ఆమ్లం కలపాలి. సూక్ష్మక్రిములు చూడాలంటే శుద్ధి చేసిన సీసా కావాలి, దాన్ని ఐసుపెట్టెలో పెట్టి ఒక రోజు దాటకుండా ల్యాబుకు చేర్చాలి. తేదీ, గంట, చోటు, తీసినవాళ్ళ పేరు సీసా మీద రాయాలి. ఫ్యాక్టరీకి పైన ఒక చోట, కింద ఒక చోట తీస్తేనే తేడా తెలుస్తుంది. ఇవేవీ మేము చెయ్యలేదు, మాకు తెలియవు. తెలిసిన మనిషేమో రెండు వందల కిలోమీటర్ల దూరంలో బిల్లులు కొడుతోంది.

పెద్దాయన ప్రశ్నకు జవాబు ఇదే. నీళ్ళు పాడైందీ, మట్టి పాడైందీ రైతుకు ముందే తెలుస్తుంది. కానీ ఆ సంగతి అంకెల్లో నిరూపిస్తే తప్ప ఆఫీసు వినదు, కోర్టు వినదు. ఆ అంకె తీసిచ్చే చదువు మన పిల్లలు చదివారు. వాళ్ళకు కొలువు లేదు, మనకు కొలత లేదు. ఈ రెండూ వేరు వేరు సమస్యలు కావు.

చట్టం ఏమంటుంది?

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలో 21వ సెక్షన్ నమూనా గురించి చెబుతుంది. ఫ్యాక్టరీ వ్యర్థజలం పరీక్ష ఫలితం కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే కాలుష్య నియంత్రణ మండలి అధికారం ఇచ్చిన మనిషే నమూనా తియ్యాలి. తీసేటప్పుడు యాజమాన్యానికి నోటీసు ఇవ్వాలి. నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరుపక్షాలూ సంతకాలు చెయ్యాలి. ఆ తర్వాతే ల్యాబుకు పంపాలి. ఈ పద్ధతి తప్పితే ఎంత ఘోరమైన ఫలితం వచ్చినా కొట్టేస్తారు. ఇందులో అన్యాయమేమీ లేదు, ఎవరి మీద నేరం మోపినా పద్ధతి ఉండాల్సిందే. అన్యాయం ఎక్కడుందంటే, ఆ పని చేసే మనుషుల్ని చాలినంతమందిని పెట్టకపోవడంలో ఉంది.

2010 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బాధితులు నేరుగా వెళ్ళవచ్చు. మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నైలోని దక్షిణ మండల బెంచి చూస్తుంది. పర్యావరణ వివాదానికి ఆరు నెలల్లోపు, నష్టపరిహారానికి ఐదేళ్ళలోపు దరఖాస్తు వెయ్యాలి. ఆరు నెలలంటే ఒక పంట కాలం. నమూనా తీసే మనిషి కోసం ఎదురుచూడ్డంలోనే అందులో సగం గడిచిపోతోంది.

మన నేల మీద, ఎవరి కొలతలు?

చరిత్రలోకి ఒకసారి వెళ్ళొద్దాం. మన దేశంలో ఎముకలు వంకర్లు పోయే ఫ్లోరోసిస్ జబ్బును డాక్టర్లు తొలిసారి 1937లో నమోదు చేశారు. అది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే, అంటే ఇవాళ్టి పొదిలి, దర్శి, కనిగిరి వైపు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చు అని ఇవాళ ప్రమాణం ఉంది. ఆ మాట 1937లో కనిగిరి రైతుకు ఎవరూ చెప్పలేదు. నల్లగొండలో ఎన్ని తరాల వెన్నుపూసలు వంగిపోయాయో మీకు మేము చెప్పనక్కర్లేదు.

పటాన్‌చెరు, బొల్లారం సంగతి చూడండి. అక్కడి చెరువులూ వాగులూ పాడై, పంటలు పోయి, ఆ గోడు 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. రైతులకు పరిహారం ఇవ్వాలని ఆదేశాలు వచ్చాయి, కేసు మాత్రం దశాబ్దాలు నడిచింది. ఆ ప్రాంతంలోనే మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలం శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడింది. అప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడా వ్యర్థజలంలో అంత మోతాదు ఎవరూ చూడలేదు. శుద్ధి చేశాక మిగిలిన నీళ్ళ సంగతి ఇది!

స్వీడన్‌వాళ్ళు వచ్చి కొలిచినందుకు మనకు కోపం లేదు, మేలే చేశారు. కానీ హైదరాబాదు చుట్టూ ఇన్ని విశ్వవిద్యాలయాలు, ఇన్ని జాతీయ ప్రయోగశాలలు ఉండగా ఆ కొలత మన పిల్లల చేతి మీదుగా రావాల్సింది కదా!

రైతులు కొలిచిన రోజులు

మనవాళ్ళకు చేతకాదనుకోవద్దు. 2003 తర్వాత కొన్నేళ్ళపాటు, ఉమ్మడి రాష్ట్రంలో నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల ప్రాజెక్టు ఒకటి నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే రోజూ వానమాపకం చూసి రాశారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచి గోడ మీద బోర్డులో వేశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీళ్ళెన్ని, వెయ్యాలనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క కట్టారు. లెక్క చూశాక కొందరు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. ఎవరి మీదా ఆంక్ష లేదు, ఎవరూ జరిమానా వెయ్యలేదు. అంకె కళ్ళ ముందుంది, అంతే.

రైతులకు కొలవడం నేర్పడానికి, లెక్క సరిచూడటానికి ఆ ఊళ్ళలో చదువుకున్న యువకులు పనిచేశారు. ప్రాజెక్టు గడువు ముగిసింది, వాళ్ళ ఉద్యోగాలూ ముగిశాయి. ఆ పద్ధతిని ప్రతి మండలంలో శాశ్వత ఉద్యోగాలతో నడిచే వ్యవస్థగా మార్చిన ప్రభుత్వం లేదు.

పెట్టిన పోస్టులూ తీసేస్తున్నారు

ఇంకా దగ్గరి ఉదాహరణ వాతావరణ సలహాలది. 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు పెట్టారు. దేశం మొత్తం మీద 199. ఒక్కో దాంట్లో ఒక వాతావరణ నిపుణుడు, ఒక పరిశీలకుడు ఉండేవారు. మంగళవారం, శుక్రవారం మండల స్థాయి సలహా వచ్చేది. వానొస్తుంది మందు కొట్టొద్దు, గాలి ఎక్కువ ఉంది అరటికి ఊతం పెట్టండి, ఇట్లాంటివి. అందులో చేరిన వాళ్ళంతా పీజీలు, పీహెచ్‌డీలు చేసిన కుర్రాళ్ళే. 2023-24 ఆర్థిక సంవత్సరంతో ఆ విభాగాలను మూసెయ్యమని ఆదేశం వచ్చింది. వాళ్ళు రోడ్డున పడ్డారు. మనకు మిగిలింది ఎక్కువ జిల్లాలకు కలిపి ఒకటిగా ఉన్న పాత కేంద్రాల సలహా. వాతావరణం ఏటేటా దారి తప్పుతున్న కాలంలో తీసెయ్యాల్సిన ఉద్యోగాలా అవి?

భూసార పరీక్షల సంగతీ అంతే. 2015లో సాయిల్ హెల్త్ కార్డు పథకం పెట్టారు. పన్నెండు అంశాలు చూసి చెబుతామన్నారు. కానీ నమూనా తీసే పద్ధతి ఏమిటి? తడి భూమిలో రెండున్నర హెక్టార్లకు ఒకటి, మెట్టలో పది హెక్టార్లకు ఒకటి. అంటే పాతికెకరాల మెట్టకు ఒకే గుప్పెడు మట్టి! ఆ పాతికెకరాల్లో గరువు ఉంటుంది, చౌడు ఉంటుంది, ఎర్రనేల ఉంటుంది. ఆ పన్నెండు అంశాల్లో పురుగుమందుల అవశేషాలు లేవు, సీసం, కాడ్మియం వంటి లోహాలు లేవు. ఫ్యాక్టరీల పక్క పొలాలకు ఆ కార్డు ఏం చెబుతుంది?

కాలుష్య నియంత్రణ మండళ్ళలో ఖాళీలు నింపమని సుప్రీంకోర్టు, హరిత ట్రిబ్యునల్ పలు రాష్ట్రాలకు పదే పదే చెప్పాల్సి వచ్చింది. కాలేజీల్లో పర్యావరణ పాఠం తప్పనిసరి చెయ్యాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పాఠం పెట్టారు. కానీ చాలాచోట్ల దాన్ని చెప్పేది ఏ తెలుగు మాస్టారో, కామర్సు మేడమో. ఆ సబ్జెక్టు చదివినవాళ్ళు బయట ఉన్నారు.

పిల్లలకు నాలుగు మాటలు

ఇక ముందు వరసల్లోని విద్యార్థులకు. మీకు దారులు లేవని మేము చెప్పం. ఉన్న దారులేవో, వాటిలో ముళ్ళేవో ఉన్నదున్నట్టు చెబుతాం.

ఒకటి, పరిశోధన దారి. యూజీసీ నెట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం ఒక సబ్జెక్టు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఫెలోషిప్. రైతు ఇంటి పిల్ల ఇంటి మీద భారం లేకుండా పీహెచ్‌డీ చెయ్యగలిగే మార్గం ఇదే. గేట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగుకు 2021 నుంచి ప్రత్యేక పేపరు ఉంది. మట్టి, వ్యవసాయ వాతావరణం మీద చదివినవాళ్ళకు వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి వేరే నెట్ పెడుతుంది.

రెండు, శిక్షణ సంస్థలు. మన హైదరాబాదు చుట్టుపక్కలే ఇవి ఎన్నో ఉన్నాయి. గచ్చిబౌలిలో పర్యావరణ పరిరక్షణ శిక్షణ పరిశోధన సంస్థ, అంటే ఈపీటీఆర్‌ఐ ఉంది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో పురుగుమందుల అవశేషాలు పరీక్షించడంలో శిక్షణ ఇస్తారు. సంతోష్‌నగర్‌లోని క్రీడా మెట్ట వ్యవసాయం, వాతావరణ మార్పుల మీద పనిచేస్తుంది. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ ఉంది. వీటిలో ప్రాజెక్టులు వచ్చినప్పుడు ఏడాదికో రెండేళ్ళకో కుర్రాళ్ళను తీసుకుంటారు. శాశ్వతం కాదు, కానీ అక్కడ చేతికి పని వస్తుంది, పరికరం ముట్టుకునే అవకాశం వస్తుంది. ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్చుకోవాలంటే డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేరుకు పైసా కట్టక్కర్లేదు. ఇంత ఉచితంగా దొరుకుతుండగా యాభై వేలు, లక్ష కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే ప్రైవేటు కోర్సుల్లో చేరేముందు మీ నాన్న పాస్‌బుక్కు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అక్కడ చేరి ఉద్యోగం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళతో మాట్లాడి, అప్పుడు కట్టండి.

మూడు, ప్రభుత్వ ఉద్యోగాలు. కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజనీరు పోస్టులకు ఇంజనీరింగు డిగ్రీ అడుగుతారు. సైన్సు చదివినవాళ్ళకు ఎనలిస్టు పోస్టులు ఉంటాయి. నోటిఫికేషన్ ఏళ్ళకోసారి వస్తుంది, కాబట్టి ఒక్క దాన్నే నమ్ముకుని కోచింగ్ సెంటరులో వయసు కరిగించుకోవద్దు. కోర్టుకు నిలిచే రిపోర్టు మీద సంతకం పెట్టే ప్రభుత్వ విశ్లేషకుడికి డిగ్రీతో పాటు ల్యాబులో కొన్నేళ్ళ అనుభవం కావాలి. అనుభవం కావాలంటే ఉద్యోగం కావాలి, ఉద్యోగం ఇవ్వాలంటే అనుభవం ఉందా అంటారు. ఈ ముడి విప్పేది జీతంతో కూడిన శిక్షణ ఒక్కటే. అది ప్రభుత్వం బాధ్యత.

నాలుగు, సొంతంగా నిలబడే దారి. 2002 నుంచి అగ్రి క్లినిక్‌ల పథకం ఉంది. మేనేజ్ సంస్థ ద్వారా 45 రోజుల ఉచిత శిక్షణ, ఆ తర్వాత 20 లక్షల వరకు బ్యాంకు రుణం. సబ్సిడీ మామూలుగా 36 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 44 శాతం. ఇది ముఖ్యంగా వ్యవసాయం, అనుబంధ శాస్త్రాలు చదివినవాళ్ళకు. పర్యావరణ శాస్త్రం వాళ్ళు వ్యవసాయ డిగ్రీ ఉన్న స్నేహితులతో కలిసి మట్టి, నీటి పరీక్షల ల్యాబు పెట్టుకోవచ్చు. కానీ ముందు చుట్టుపక్కల ఎంతమంది రైతులు డబ్బిచ్చి పరీక్ష చేయించుకుంటారో లెక్క వేసుకోండి. అప్పు చేసి పెట్టిన ల్యాబుకు బేరం లేకపోతే ఏమవుతుందో రైతు బిడ్డలకు మేము చెప్పాలా?

ఐదు, కన్సల్టెన్సీలు. ఇవాళ ఎమ్మెస్సీ పాసైన పిల్లలకు ఎక్కువగా దొరుకుతున్న ఉద్యోగం ఇదే. 2006 నోటిఫికేషన్ ప్రకారం గనికీ, పెద్ద ఫ్యాక్టరీకీ అనుమతి కావాలంటే పర్యావరణ ప్రభావ నివేదిక రాయాలి. అది రాసే సంస్థకు నాబెట్ గుర్తింపు ఉండాలి. గాలికి, నీటికి, భూగర్భ జలాలకు, జీవజాతులకు ఒక్కో నిపుణుడు కావాలి. కొత్తవాళ్ళు వాళ్ళ కింద సహాయకులుగా చేరతారు. పని నేర్చుకోవడానికి మంచి చోటు, చేరొద్దని మేము అనం. కానీ ఒక్కటి మరిచిపోవద్దు. ఆ సంస్థకు డబ్బిచ్చేది ఫ్యాక్టరీ పెట్టే కంపెనీయే. వాగు ఉన్న చోట వాగు లేదని రాయమంటే ఏం చేస్తారో చేరేముందే మీలో మీరు తేల్చుకోండి. రెండు పంటలు పండే భూమిని బీడు అని రాసిన నివేదికలు మనం ప్రజాభిప్రాయ సేకరణల్లో చూశాం. ఆ కాగితం రాసింది మనలాంటి ఏ ఊరి పిల్లో, పిల్లవాడో. అక్కడ నెల జీతం కోసం రాసిన ఒక్క మాట ఇక్కడ ఒక ఊరి తలరాత అవుతుంది.

ఫలితం మనకు ఎదురొచ్చినా సరే

పిల్లలకు నిజాయితీ చెప్పి మనం తప్పించుకోకూడదు. సంక్రాంతి సెలవుల్లో ఆ అమ్మాయి ఇంకో పని చేసింది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలు నేర్పి కిట్లు ఇవ్వాలని నిబంధన ఉంది. వాళ్ళ పంచాయతీ ఆఫీసు బీరువాలో ఆ పెట్టె సీలు విప్పకుండా ఉంది. దాన్ని తెరిచి, నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఊళ్ళో బావులన్నీ పరీక్షించింది. వాగు ఒడ్డు బోర్లలో ఉప్పులు ఎక్కువ కనబడ్డాయి. ఊరి మధ్య మూడు బావుల్లో మాత్రం నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటింది. "ఇది ఫ్యాక్టరీ నుంచి కాకపోవచ్చు బాబాయ్. మన యూరియా, మన పేడకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు. ల్యాబులో మళ్ళీ చూపించాలి" అంది.

ఊళ్ళో గొడవైంది. "మన పిల్లవై ఉండి ఫ్యాక్టరీవాడి పక్షం మాట్లాడతావా" అని అరిచినవాళ్ళున్నారు. నిజం చెప్పాలంటే మా కమిటీలోనూ ఒకరిద్దరు ఆ మూడు బావుల మాట బయటికి రానివ్వొద్దన్నారు. రెండు గంటలు వాదించుకుని చివరికి ఒక మాట మీదికి వచ్చాం. మన తప్పు మనమే రాసుకుంటే, ఫ్యాక్టరీ తప్పు రాసినప్పుడు ఎవరూ కాదనలేరు. ఆ మూడు బావుల నీళ్ళు చంటిపిల్లలకు పట్టొద్దని దండోరా వేయించాం. కుప్పలు ఊరి బయటికి మార్చే పని మొదలైంది. కొలిచే మనిషి కావాలని అడిగేవాళ్ళు కొలతకు తలవంచాలి. లేకపోతే మనకూ ఆ కంపెనీకీ తేడా ఏముంది?

సంఘం చేసే పని

ప్రభుత్వాన్ని అడిగేముందు మనం చెయ్యగలిగింది చెబుతాం. ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టరులో ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చెయ్యాలి. చాలామంది కాలేజీ పక్క చెరువు మీదే ఏదో ఒకటి రాసి ఇస్తారు. ఆ ప్రాజెక్టులు మన ఊళ్ళలో చెయ్యమని ఈ సభ నుంచి పిలుస్తున్నాం. ఆంధ్ర, నాగార్జున, ఉస్మానియా, యోగి వేమన, ఏ విశ్వవిద్యాలయం పిల్లలైనా సరే, వాళ్ళ అధ్యాపకుల ఉత్తరంతో రండి. ఊళ్ళో తిండి, మకాం, తిరగడానికి తోడు మనిషి సంఘం చూసుకుంటుంది. ఆడపిల్లలకు మన మహిళా సభ్యుల ఇళ్ళలో మకాం ఉంటుంది. మీకు డిగ్రీ పని అవుతుంది, ఊరికి నమ్మకమైన కొలత మిగులుతుంది. ఒకే ఒక్క షరతు: నివేదిక ఇంగ్లీషులో మీ కాలేజీకి ఇచ్చినా, నాలుగు పేజీల సారం తెలుగులో గ్రామసభలో చదివి వెళ్ళాలి.

ప్రతి గ్రామ శాఖా ఒక వానమాపకం, ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ప్రతి నెలా 1వ తేదీ, 15వ తేదీ ఊళ్ళో ఐదు బోర్ల మట్టం రాయాలి. మట్టి నమూనా తీసేటప్పుడు గట్ల పక్క, చెట్టు కింద, పెంటకుప్ప ఉన్న చోట తియ్యొద్దు. ఎకరంలో ఎనిమిది పది చోట్ల ఇంగ్లీషు వి అక్షరంలా ఆరంగుళాల లోతు గుంట తీసి, అంచు మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అర కిలోకు తేవాలి. ఇది మనమే చెయ్యగలం. ఇట్లా ఏళ్ళపాటు రాసిన పుస్తకం ఏ శాస్త్రవేత్తకైనా బంగారం.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారం తెలుగులో పెట్టాలి. అసలు నివేదిక వందల పేజీలు, ఇంగ్లీషులో ఉంటుంది. నోటీసు వచ్చిన రోజే దాన్ని తెప్పించి, చదివి చెప్పడానికి మన పిల్లలతో ఒక బృందం వేస్తున్నాం. వాళ్ళ దారి ఖర్చులు సంఘం నిధి నుంచి ఇస్తాం. ఇవాళ ఇంతకన్నా ఇవ్వలేం, ఇది జీతం కాదని మాకూ తెలుసు. పిల్లల శ్రమను ఉచితంగా వాడుకోవడం అలవాటు చేసుకోకూడదు. అందుకే అడగాల్సింది ప్రభుత్వాలను.

మన డిమాండ్లు

1. కాలుష్య నియంత్రణ మండళ్ళలో ఖాళీలు నింపాలి. ప్రతి రెవెన్యూ డివిజనుకు నమూనాలు తీసే బృందం ఉండాలి. పర్యావరణ శాస్త్రం చదివినవాళ్ళకు ఆ పోస్టుల్లో అర్హత ఇవ్వాలి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో నమూనా తియ్యాలి.

2. మూసేసిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను శాశ్వత పోస్టులతో తిరిగి తెరవాలి.

3. భూసార ప్రయోగశాలల్లో సిబ్బందిని నియమించాలి. పారిశ్రామిక ప్రాంతాల పక్క పొలాల్లో లోహాలు, పురుగుమందుల అవశేషాలు ఉచితంగా పరీక్షించాలి.

4. ప్రతి మండలానికి ఒక భూగర్భ జల సహాయకుడిని పెట్టి, రైతులతో కలిసి నీటి లెక్కలు వేయించాలి.

5. కొత్తగా పాసైనవాళ్ళకు ప్రభుత్వ ల్యాబుల్లో స్టైపెండుతో రెండేళ్ళ శిక్షణ ఇవ్వాలి. ఆ రెండేళ్ళను ఉద్యోగానుభవంగా లెక్కించాలి.

6. పర్యావరణ ప్రభావ నివేదిక సారం మాత్రమే కాదు, మొత్తం తెలుగులో ఇవ్వాలి.

7. డిగ్రీ కాలేజీల్లో పర్యావరణ పాఠానికి ఆ సబ్జెక్టు చదివిన అధ్యాపకులను నియమించాలి.

ఈ ఏడూ తీర్మానంగా పెడుతున్నాం. చర్చించండి, తగ్గించాల్సింది తగ్గించండి, కలపాల్సింది కలపండి. ఆమోదించాక గిట్టుబాటు ధర డిమాండు పక్కనే, దానికి తగ్గకుండా, మన ధర్నాల బ్యానరు మీద ఇది ఉండాలి.

చివరగా ఆ అమ్మాయి సంగతి. ఆమె ఇంకా ఆ బిల్లుల కౌంటరులోనే ఉంది. ఆదివారాలు నెట్ పరీక్షకు చదువుతోంది. ఆమె నేర్పిన నలుగురు ఆడవాళ్ళు ఇప్పుడు నెలనెలా బావులు పరీక్షిస్తున్నారు. మొన్న ఫోన్ చేసి ఆమె ఒకే ప్రశ్న అడిగింది: "వాగు నీళ్ళు మళ్ళీ రంగు మారితే, ఈసారి సీసా సరిగ్గా పడతారా?" పడతామని చెప్పాం. సీసా పట్టడం మనం నేర్చుకున్నాం. ఆ సీసాను అందుకునే చోట, మన నీళ్ళ విలువ తెలిసిన మనిషి ఒకరు కుర్చీలో ఉండాలి. ఆ కుర్చీ కోసమే ఈ పోరాటం.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి!